పేరుకున్నది

“ఇవాళ జెల్ కాస్త ఎక్కువే పెట్టాలి అమ్మాయ్, ఫొటోలు తీస్తారట,” అంటూ అత్తగారు దువ్వెన ఎడమచేతిలోకి తీసుకుంది. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. ఎడమచేతికి ఆ పని కొత్త. మొదట జెల్ డబ్బా జారవిడిచింది. తర్వాత దువ్వెన పళ్లు తిన్నగా పుండు మీదే దించింది. కోడలు అరవలేదు. ఆ ఇంట్లో అరిచే అలవాటు పోయి చాలా కాలమైంది. స్టూలు అంచు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది.

పుండు ఎడమ చెవికి పైన ఉంది. దాని చుట్టూ అరచేతిలో సగం మేర వెంట్రుకే లేదు. కొంత మొన్న బుధవారం ఊడింది, కొంత అంతకుముందెప్పుడో ఊడి మళ్లీ మొలవనంది. దాన్ని కప్పడం అత్తగారి విద్య. కొడుకు చెయ్యి చేసుకున్న ప్రతి మర్నాడూ కోడల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు నూనె, దాని మీద సీరమ్, దాని మీద జెల్ మెత్తి, ఉంగరాల జుట్టును అణిచి అణిచి ఈ పక్కనుంచి ఆ పక్కకు దువ్వి మూడు పిన్నులు గుచ్చేది. ఎంత నొప్పి తెలియకుండా దువ్వేదంటే, దెబ్బలకు రాని ఏడుపు ఆ వేళ్ల మెత్తదనానికి వచ్చేది. దువ్వినంతసేపూ ఒకటే పాట. “కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే అమ్మాయ్. బయట వాడికెంత పేరుందో నీకు తెలియనిదా?”

పేరు నిజంగానే ఉంది. ఆయన లెక్కల మాస్టారు. పదిహేనేళ్లలో ఒక్క పిల్లాడి మీద చెయ్యెత్తలేదని, బెత్తం ముట్టలేదని ఇవాళ పదకొండు గంటలకు స్కూల్లో సన్మానం. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గానీ ఈయన వీధిలో పిల్లి కూడా కాదు, పిల్లి వచ్చి పాలు తాగిపోయినా పోనీలే పాపం అనే రకం. ఆ చేతులకు విశ్రాంతి స్కూల్లో, పని ఇంట్లో.

బుధవారం గొడవ ఆ సన్మానం చొక్కా గురించే. చేతి మీద ఒక మడత రావలసిన చోట రెండొచ్చాయి. “ఒక్క చొక్కా సరిగ్గా ఇస్త్రీ చెయ్యడం చేతకాదు, ఊళ్లోవాళ్ల తలలు కడగడానికి మాత్రం పరిగెడతావు,” అన్నాడు. తొమ్మిది గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషి, “రేపు మళ్లీ చేస్తాను” అంది. ఆ రేపు అన్నందుకు జుట్టు పట్టుకున్నాడు. ఆయన పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. ముందే లాగడు, మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటాడు. నున్నటి జుట్టయితే జారిపోయేదేమో, ఉంగరాల జుట్టు జారదు. పెళ్లయిన కొత్తలో అదే చేత్తో ఒక ఉంగరాన్ని వేలికి చుట్టి వదిలి, “భలే, స్ప్రింగులా ఉందే!” అని నవ్వినవాడే. రెండు చుట్లు చుట్టి ఆమె తలను బీరువా పిడికేసి కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారికి అత్తగారు అడ్డం వచ్చింది, తొమ్మిదేళ్లలో మొదటిసారి. “ఒరేయ్, చచ్చిపోతుందిరా!” అంది. ఆవిణ్ణి ఒక్క విసురు విసిరాడు. వెళ్లి గడప మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది, తలుపు వెనక నిలబడ్డ కూతురితో సహా. ఆయన చేతిలో మిగిలిన జుట్టు కుచ్చును దులుపుకుంటూ, “చూశావా, నీవల్ల అమ్మకి దెబ్బ తగిలింది” అన్నాడు. ఆస్పత్రికి తనే తీసుకెళ్లాడు. ఎలా జరిగిందని డాక్టరమ్మ అడిగితే అత్తగారు కొడుకు మొహం వంక చూసి, “బాత్రూంలో జారాను” అంది.

కోడలి పని సెలూన్లో తలలు కడగడం. రోజుకు పదిహేను తలలు. ఉంగరాల జుట్టువాళ్లు వచ్చి, ఎన్ని క్రీములు రాసినా చీపురులా వేలాడుతోందని వాపోతే ఒకటే మాట చెబుతుంది. “మీ జుట్టుకేమీ కాలేదండీ. రాసిందల్లా పేరుకుపోయింది, అంతే. ముందు క్లారిఫైయింగ్ షాంపూతో ఆ పొరలు వదిలిద్దాం. నెలకు ఒక్కసారి చాలు, రోజూ వాడితే ఎండిపోతుంది. పొరలు వదిలితే ఉంగరాలు వాటంతటవే లేస్తాయి.” వాళ్లు కళ్లు మూసుకుని, బేసిన్ అంచు మీద మెడ వాల్చి, గొంతు ఆమెకు అప్పజెప్పి నిద్రలోకి జారుకుంటారు. ఆ గొంతుల చోట మాస్టారి గొంతును ఆమె ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్క లేదు. ఈ రెండు బొటనవేళ్లు చాలు, అనుకునేది. మరుక్షణం నీళ్లు వేడిగా ఉన్నాయా అండీ అని మర్యాదగా అడిగేది.

తీరిక మధ్యాహ్నాల్లో సెలూన్ అమ్మాయిలు ఒకరికొకరు తల కడుగుతారు, అదక్కడి సరదా. ఈమె మాత్రం జలుబంటుంది, మెడనొప్పంటుంది. “అక్క తల దేవరహస్యం” అని వాళ్లు ఏడిపిస్తారు. నెల కిందట యజమానురాలు, “వంకలు నాకు చెప్పకు, ఇంట్లోనైనా కడుక్కో” అని ఆ షాంపూ సగం సీసా చేతిలో పెట్టింది. అది బాత్రూం కిటికీలో అలాగే ఉండిపోయింది. కడిగితే ఉంగరాలు లేస్తాయి, లేస్తే మచ్చ బయటపడుతుంది.

నిన్న సాయంత్రం కూతురికి జడలు విప్పుతోంది. ఏడేళ్ల పిల్ల. తల్లి జుట్టే వచ్చింది, గూడులా ఉంటుందని నాన్నమ్మ పిచ్చుక అని పిలుస్తుంది. పిల్ల అద్దంలో తల్లిని చూస్తూ, “అమ్మా, నాకు కట్ చేసెయ్యవా?” అంది.

“ఎంత?”

“పట్టుకుంటే చేతికి దొరకనంత.”

బీరువా పిడి తగిలినప్పుడు కూడా అంత నొప్పి లేదు.

దువ్వెన ఇంకా తలలో ఉండగానే ఫోను మోగింది. మాస్టారు. వెనక కుర్చీలు జరుపుతున్న చప్పుడు. “పదిన్నరకల్లా ముగ్గురూ ఇక్కడుండాలి. ముందు వరసలో చోటు పెట్టించాను. జుట్టు నున్నగా దువ్వుకుని రా, పిచ్చిదానిలా వచ్చి పరువు తియ్యకు.”

ఫోను పెట్టేశాడు. అత్తగారు మళ్లీ జెల్ తీసింది. ఆ వాసన తగలగానే కోడలు ఆ చేతిని పక్కకు తప్పించింది. స్టూలు మీంచి లేచింది.

“ఎక్కడికే?”

“తల కడుక్కొస్తాను అత్తయ్యా.”

“ఇప్పుడా? తడిస్తే ఇంక అణగదు. ఆ పుండు కనబడుతుందే!”

“కనబడనివ్వండి.”

బాత్రూం తలుపు వెయ్యలేదు. తల వంచి మగ్గు తర్వాత మగ్గు పోసుకుంది. మొదటిసారి నురగే రాలేదు. అంత జిడ్డు. ఎన్ని ఉదయాల నూనె, ఎన్ని అబద్ధాల జెల్! పుండును వదిలేసి చుట్టూ వేళ్ల కొసలతో రుద్దింది, అయినా నీళ్లు పాకి కారం చల్లినట్టు భగ్గుమంది. ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. బూడిదరంగు నీళ్లు, వాటిలో ఎర్రటి చార, గుండ్రంగా తిరుగుతూ తూములోకి పోయాయి. రెండోసారికి తెల్లటి నురగ వచ్చింది. కొసలకు కండిషనర్ రాసి, కడిగి, మాస్టారి పాత బనీనుతో తడి ఒత్తింది. తువ్వాలుతో రుద్దితే ఉంగరాలు చిందరవందరవుతాయని రోజూ అందరికీ చెప్పేది తనే. అద్దంలో ఒక్కొక్క ఉంగరమే చుట్టుకుంటూ లేచింది. మధ్యలో మచ్చ, దాచడానికి ఏమీ లేకుండా, పచ్చిగా. తొమ్మిదేళ్ల తర్వాత తన మొహాన్ని తను గుర్తుపట్టింది.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో మరి. ఎడమచేత్తో తన ముడిలోంచి పిన్నులు పీకుతోంది. ఆ ముడి విప్పగా ఇంట్లో ఎవరూ చూడలేదు. మామగారు పోయి పదేళ్లయినా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

“చెయ్యి లేదుగా, నాదీ కడుగు,” అంది.

కోడలు ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పిండికట్టుకు ప్లాస్టిక్ సంచి చుట్టి నీళ్లు పోసింది. తలకు అద్దుకున్న నల్లరంగు పొడి చారలుగా కారింది. పొడి పోయాక వేళ్లకు తగిలింది. ఎడమ చెవికి పైన, అరచేతిలో సగం మేర, ఎప్పటిదో నున్నబడిన బోడి మచ్చ. ఈ దువ్వే విద్య ఎక్కడ నేర్చుకున్నారని తను ఏనాడూ అడగలేదు.

“మీ మామయ్యదీ కుడిచెయ్యే,” అంది అత్తగారు, నీళ్ల కింద కళ్లు మూసుకుని.

తర్వాత కోడలు కూతుర్ని పిలిచింది. “పిచ్చుకా, స్కూలు సంచిలో పుస్తకాలు తీసేసి నీ బట్టలు సర్దు. నీ జుట్టు మాత్రం కత్తిరించేది లేదు. ఎవరి చేతికీ దొరకనివ్వను. మనం ఈ ఇంటికి మళ్లీ రాం.”

ఫోను మళ్లీ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. అత్తగారు తడి జుట్టు విరబోసుకునే చెప్పులు వేసుకుంది.

“ముందు ఆ డాక్టరమ్మ దగ్గరికి పద,” అంది. “బాత్రూంలో జారలేదని చెప్పాలి. నీ తల కూడా చూపించి ఉన్నది ఉన్నట్టు రాయమను. ఆ కాగితాలు పట్టుకుని పోలీసు స్టేషన్‌కి పోదాం. సాక్షి ఎవరంటే నా పేరు చెప్పు. ఎడమచేత్తోనైనా సంతకం పెడతాను.”

కోడలు గుమ్మంలో ఆగి ఆవిడ మొహంలోకి చూసింది. “కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నారుగా అత్తయ్యా?”

“పడనీవే,” అంది అత్తగారు. “వాణ్ణి మోసిన కడుపేగా.”