నైరుతి తలుపు

ఇనుప తలుపు తెరిస్తే వెనక గోడ ఉంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తలుపు మీద ఎర్రరంగుతో నేనే రాయించిన అక్షరాలున్నాయి. అత్యవసర ద్వారం. తాళం తిరిగింది, గడియ జారింది, రెండు చేతులతో లాగితే తలుపు బయటికి వచ్చింది. దాని వెనక చౌకట్టు నిండా సిమెంటు ఇటుకలు. పై అంచులో సందు కూడా లేదు.

గోడ అవతల ఎవరో కొడుతున్నారు. మూడు దెబ్బలు కొట్టి ఆగారు. మళ్లీ మూడు.

అలా కొట్టడం వాళ్లకు నేర్పింది నేనే.

"ఎంతమంది?" అని అరిచాను.

"నలుగురం అన్నా!" హులిగమ్మ గొంతు. దగ్గు ఆమెను కాసేపు మాట్లాడనివ్వలేదు. "ఈడ తలుపుంటాదంటివి గదా అన్నా! యాడుండాది?"

రెండు అరచేతులతో ఇటుకలను తోసి చూశాను.

ఆదోని దాటాక ఎమ్మిగనూరు రోడ్డు మీద ఉంది మా జిన్నింగ్ మిల్లు. ఆ మధ్యాహ్నం రెండూ పదికి ముందు భాగంలో ఒక మిషన్‌లోకి పత్తితో పాటు రాయి పోయింది. రవ్వ లేచింది. ఊపిరి తీసి వదిలేలోగా దూది కుప్ప అంటుకుంది. ముందున్న వాళ్లు పెద్ద గేటు నుంచి బయటపడ్డారు. వెనక పత్తిలో చెత్త ఏరే నలుగురు ఆడవాళ్లు మాత్రం గేటు వైపు రాలేదు. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. నేను చెప్పిన మాట విన్నారు. పొగ కనబడితే మంట వైపు పోవద్దు, నైరుతి మూల తలుపు దగ్గరికి వంగి పరుగెత్తండి. ఆరు నెలలుగా నెలకోసారి ఈల వేసి పరుగెత్తించాను.

"పెండ్లి బస్సు తప్పిపోతాదన్నా ఇంత ఉరకము" అని ఏరే ఆడవాళ్ల పెద్ద తిమ్మక్క నన్ను ఎగతాళి చేసేది. అయినా అందరికంటే ముందు తనే పరుగెత్తేది. "మిల్ట్రీ అన్న నిద్రలో గూడ ఈలేస్తాడేమో, ఆ ఇంటామె ఎట్ల పడుకుంటాదో" అనేది.

నేను సైన్యంలో పదహారేళ్లు చేశాను. చివరి ఆరేళ్లు మంచు కొండల్లో రెస్క్యూ పని. మంచు చరియ కింద పడ్డ మనిషికి పావుగంట టైముంటుంది. ఆ తర్వాత తవ్వితే దొరికేది శవమే. పొగకు అంత ఓపిక కూడా ఉండదు.

ఆదోని ఫైరింజను కౌతాళం వైపు గడ్డివాములు అంటుకుంటే అటు పోయి ఉంది. ఎమ్మిగనూరు నుంచి ఇంకో బండి బయల్దేరింది. ఎంత తోలినా అరగంట పైనే.

"సమ్మెట! గడ్డపార! నీళ్లలో తడిపిన గోతాలు! తాడు!" అని అరిచాను.

సూపర్వైజరు గోవిందన్న పరుగెత్తాడు. అప్పుడే మిల్లు చుట్టూ తిరిగి సావుకారు వచ్చాడు. అరవై ఐదేళ్ల మనిషి, పంచె చెంగు చేత్తో పట్టుకుని, కళ్లలో నీళ్లతో. మిల్లు గేటు మీద బోర్డుంది, అందులో ఆయన పేరుంది. కానీ పనివాళ్లలో ఒక్కరూ ఆ పేరు నోటితో పలకరు. అందరికీ సావుకారే. నాకూ అంతే. నేను పింఛను కాగితాలతో ఊరికొచ్చినప్పుడు, ఎవరూ వాచ్‌మన్ పని తప్ప ఇవ్వనప్పుడు, పిలిచి సేఫ్టీ ఆఫీసరు కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి. "ప్రాణాలు కాపాడేటోడు మా మిల్లులో ఉండల్ల ఉరుకుందూ" అన్నాడు ఆ రోజు.

ఇప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ మూల వద్దప్పా! ఈశాన్యం పక్కకు పోండి, ఆ పక్క గోడ పగలగొట్టండి!"

"అది రాతి గోడ సావుకారూ! రెండడుగుల మందం!"

"నా మాట ఇనప్పా, ఈ మూల ముట్టుకోవద్దు!"

ముసలాయన భయంతో ఏదో అంటున్నాడనుకున్నాను. చెయ్యి విడిపించుకుని గోవిందన్న తెచ్చిన సమ్మెట లాక్కున్నాను. మొదటి దెబ్బకు ఇటుక పెచ్చు లేచింది. రెండో దెబ్బకు నా మోచెయ్యి అదిరింది. గోడ కదల్లేదు.

"ఆడ కాదన్నా!"

వెనక నుంచి వచ్చిన గొంతు బసవన్నది. గోడలు కట్టే బేల్దారి. మిల్లులో ఏ చిన్న కట్టుబడి పనికైనా అతన్నే పిలుస్తారు. పరుగెత్తుకొచ్చి నా చేతిలో సమ్మెట పట్టుకున్నాడు. అతని ముఖం సున్నం కొట్టినట్టుంది.

"పైన కొట్టు. పై రెండు వరసలు. కడాకు సిమెంటు సాలక మట్టి కలిపినాను. ఆడ నిలబడదు."

నేను అతని ముఖంలోకి చూశాను.

"నువ్వు కట్టినావా?"

"పోయిన ఆదివారం. మిల్లు సెలవు నాడు."

"ఎవరు కట్టమన్నారు?"

గోడ అవతల నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఇప్పుడవి మెల్లగా ఉన్నాయి. అడిగే టైము కాదు. స్టూలు లాక్కుని ఎక్కి పై వరస మీద సమ్మెట వేశాను. బసవన్న గడ్డపార దూర్చి తిప్పాడు. ఇటుకలు లోపలికి రాలాయి. వాటి మధ్య దాచిన ఒక పసుపు గుడ్డ మూట మాత్రం ఇటువైపు, స్టూలు దగ్గర పడింది. ముడి ఊడి నిమ్మకాయలు, కుంకుమ, ఎండిన టెంకాయ చిప్ప దొర్లాయి. సావుకారు వంగి ఆ మూటను చేత్తో పక్కకు తోశాడు. అప్పుడు అది నేను చూశాను, కానీ ఆలోచించలేదు.

సందులోంచి నల్లటి పొగ ముఖం మీద కొట్టింది. దాని వెంట ఒక చెయ్యి పైకి లేచింది. పట్టుకుని లాగాను. హులిగమ్మ. తర్వాత ఇద్దరు. కింద నుంచి ఎవరో వాళ్లను భుజాల మీదికి ఎక్కించి పైకి తోస్తున్నారు.

"తిమ్మక్కా! ఇప్పుడు నువ్వు రా!"

పైకి చెయ్యి రాలేదు. పెద్ద ఎవరైతే వాళ్లు చివర రావాలని కూడా నేనే నేర్పాను.

నడుముకు తాడు కట్టుకున్నాను. ముడి రెండుసార్లు లాగి చూసుకున్నాను. తాడు ఆ చివర గోవిందన్న, బసవన్న పట్టుకున్నారు. తడి గోతం తల మీద కప్పుకుని సందులోంచి తలకిందులుగా దిగాను. లోపల ఏమీ కనిపించలేదు. కళ్లు మూసుకుని నేల తడిమాను. వేడి ఇటుకలు, తలుపుకు లోపలి పక్క కట్టి, గడ్డపారకు చిరిగిన టార్పాలిన్, ఆ తర్వాత జడ. ఆమె గోడ మొదట్లో ముడుచుకుని ఉంది. నా తాడు విప్పి ఆమె చంకల కింద తిప్పి రెండుసార్లు లాగాను. ముందు ఆమె పైకి వెళ్లింది. తాడు మళ్లీ నా కోసం వచ్చేదాకా ఎంతసేపయిందో నాకు తెలియదు.

బయట నేల మీద ఆమె నోరు తుడిచి ఊపిరి ఊదాను. ఐదోసారికి ఛాతీ లేచింది. 108 వచ్చి ఆమెను ఆదోని ఆసుపత్రికి ఎక్కించుకుంది. హులిగమ్మ ఎక్కబోతూ ఆగి నా వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను అక్కడే మట్టిలో కూర్చున్నాను. కోపం అప్పుడు మొదలైంది. కొండ మీద ఎన్నోసార్లు శవాలను తీశాను. ఎప్పుడూ ఇలా రాలేదు. మంచు ఎవరిమీదా పగతో పడదు. ఈ ఇటుకలు మాత్రం ఒక్కొక్కటిగా, తీరిగ్గా, సెలవు రోజున పేర్చారు. బయట తలుపును మాత్రం అలాగే ఉంచారు, తనిఖీకి వచ్చే వాళ్లు ఎర్ర అక్షరాలు చదువుకుని పోవడానికి. లోపల గోడ కనబడకుండా, దూదికి దుమ్ము తగలకూడదని చెప్పి టార్పాలిన్ కట్టారు. ఆ సాకు నాకు చెప్పింది సావుకారు కొడుకు వరుణ్.

ఎమ్మిగనూరు బండి వచ్చి మంటలు అదుపులోకి తెచ్చేసరికి మూడు దాటింది. బండితో వచ్చిన ఆఫీసరు మసి బట్టలతోనే నైరుతి మూలకు వచ్చి చౌకట్టులో మిగిలిన గోడను చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇది ఎవరు కట్టించారు?"

వరుణ్ ముందుకొచ్చాడు. మాట తడబడలేదు. "సూపర్వైజరు గోవిందన్న సార్. ఎలుకలు వస్తున్నాయని చెప్పి కట్టించాడు. మాకు తెలియదు."

గోవిందన్న నోరు తెరిచాడు. అరచేతులు తాడు రాపిడికి చీలి రక్తం కారుతున్నాయి. "నేనా? నేను ఆదివారం దేవరగట్టు కాడ మా బామ్మర్ది ఇంట్లో ఉంటిని గదా సామీ! ఇరవై ఏండ్లు మీ ఉప్పు తింటి, ఇదేం మాట?"

"లోపలే పడి చావబోయారు నలుగురు. కేసు చిన్నది కాదు" అన్నాడు ఆఫీసరు. బసవన్న వైపు తిరిగాడు. "కట్టింది నువ్వేనట. ఎవరు చెప్పారు?"

బసవన్న కాలి బొటనవేలితో మట్టి గీకాడు. "సావుకారు" అన్నాడు, వినీ వినపడనట్టు.

వరుణ్ నవ్వాడు. "వీళ్లకు పని చెప్పేవాడల్లా సావుకారే సార్. గోవిందన్నను అంటున్నాడు."

"నేను సావుకారని రాయలేను. పేరు చెప్పు" అన్నాడు ఆఫీసరు.

బసవన్న ఒకడుగు వెనక్కి వేశాడు. చుట్టూ నలభై మంది పనివాళ్లున్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు.

సావుకారు పంచె చెంగుతో కళ్లు ఒత్తుకున్నాడు. "పోనీలెండి సార్. గోవిందు మంచోడే. ఏదో తెలీక చేసినాడు. వకీలును మేమే పెడతాము."

అంత మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనానికి నా ఒళ్లు మండింది. లేచాను. పక్కకు తోసిన పసుపు మూటను వెతికి తీశాను. ఆయన ముందు నేల మీద పెట్టాను.

"ఎలుకలకు నిమ్మకాయలు కట్టినారా సావుకారూ?"

ఆయన తన పాదం ఆ మూట దగ్గర నుంచి వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఈడ సమ్మెట ఎత్తకముందే ఈ మూల ముట్టుకోవద్దంటిరి. ఈశాన్యం పక్కకు పొమ్మంటిరి. అంతసేపట్లో తిమ్మక్క సచ్చేది. మీకు తెలుసు."

"ఉరుకుందూ, ఉద్యోగం గుర్తు పెట్టుకుని మాట్లాడు" అన్నాడు వరుణ్.

"అదే చేస్తాండాను." ఆఫీసరు వైపు తిరిగాను. "సార్, ముందు నా పేరు రాసుకోండి. ఉరుకుందు, సేఫ్టీ ఆఫీసరు. సోమవారం ఈ తలుపు తనిఖీ చేసినట్టు పుస్తకంలో నా సంతకం ఉంది. తాళం తిరగడం చూసినాను. తలుపు లాగి చూడలేదు. లోపల టార్పాలిన్ ఎత్తి చూడలేదు. కొండ మీద వేరేవాళ్లు కట్టిన ముడి నేను లాగి చూడకుండా ఎవరినీ దించలేదు. ఈడ చల్లగా కూర్చొని టీ తాగుతూ సంతకం పెట్టినాను. ఆ నలుగురిని ఈ గోడ కాడికి తోలింది నేనే. రాసుకోండి."

ఆఫీసరు రాశాడు. పెన్ను కాగితం మీద గీసుకునే చప్పుడు అందరికీ వినిపించింది.

నేను బసవన్న దగ్గరికి వెళ్లాను. చెయ్యి వేయలేదు, అరవలేదు.

"పైన మట్టి కలిపినానని నువ్వు సెప్పకపోతే వాళ్లు ఈపాటికి లోపలే ఉందురు. ఆ మాట సెప్పినోడివి, ఇంగొకటి సెప్పలేవా అన్నా?"

బసవన్న కళ్లెత్తాడు. ముందు గోవిందన్న అరచేతులను చూశాడు. తర్వాత పసుపు మూటను. తర్వాత మొదటిసారి, పంచె చెంగు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని నేరుగా చూశాడు.

"సిద్ధాంతి సెప్పినాడంట సార్. నైరుతిలో వాకిలి ఉంటే ఇంటి పెద్దకు ప్రాణగండమని. ఎండాకాలంలో ఆయనకు గుండె నొప్పి వచ్చిండె. ఆదివారం పొద్దున ఆయనే వచ్చినాడు. పక్కన కుర్సీ ఏసుకుని కూర్సున్నాడు. మొదటి ఇటుక తన చేత్తోనే పెట్టినాడు. లోపల ఆడోళ్లు పనిచేస్తారు గదా, ఎట్ల అని నేనడిగితిని. వాళ్లకు ముందర గేటు ఉంది గదా అన్నాడు."

"ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

వరుణ్ అడుగు ముందుకు వేశాడు. నలభై మందిలో ఎవరో అతని దారికి అడ్డం జరిగారు. తర్వాత ఇంకొకరు.

బసవన్న గొంతు సవరించుకుని మిల్లు గేటు దాకా వినపడేట్టు అరిచాడు.

"రామలింగయ్య! రాసుకో సార్, ఈ మిల్లు సావుకారు రామలింగయ్య!"