జారితేనే తెలిసేది

“రొట్టె అంచు పగిలింది” అంది అత్తమ్మ.

జొన్నరొట్టె అంచు పగలడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. పిండిలో వేడినీళ్లు సరిగా పడలేదనీ, కోడలి మనసు ఇంట్లో లేదనీ దానికి అర్థం. నా మనసు నిజంగానే ఇంట్లో లేదు. భుజం ఎముక విరిగి దవాఖానలో పడుకున్న రామ్‌కిషన్ దగ్గరుంది. ఆయన మా కంపెనీలో టెస్ట్ డ్రైవర్.

“ఇంకా ఆ డ్రైవర్ ముచ్చటేనా?” అన్నాడు నా భర్త గిరీశ్. “మీటింగుల జగన్‌మోహన్ సార్ ఏది చెప్పమంటే గదే చెప్పు. ఆయన నాకు గూడ సారే, యాదిలుంచుకో. నా సాక్సులేవి?”

వెతికి ఇచ్చాను. సాక్సులు ముట్టుకున్న చేత్తో పిండి తాకొద్దని అత్తమ్మ చేతులు కడిగించింది.

నేనేం పని చేస్తానో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, అడిగినవాళ్లు లేరు కనుక. వాళ్లకది కంప్యూటర్ పని. ముందు ఏదైనా అడ్డొస్తే తనంతట తానే బ్రేకు వేసుకునే బస్సు తయారుచేస్తున్నాం. టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు ఎంతుందో తెలిస్తేనే బ్రేకు ఎంత ముందుగా పడాలో బస్సుకు తెలుస్తుంది. ఆ పట్టును అంచనా వేసే ప్రోగ్రాం నాది. దానికొక లోపముంది. టైరు కాస్తయినా జారితేనే అది పట్టు ఎంతో కనిపెట్టగలదు. నిమ్మళంగా నడిచే బండిలో కూర్చుని అంతా బాగానే ఉందనుకుంటుంది. ఇక మా దగ్గర చెరకు సీజనంటే హైవే మీద ట్రాలీల నుంచి గడలు పడుతూనే ఉంటాయి. లారీలు వాటిని నలగ్గొడతాయి. ఆ రసంలో పొలాల ఎర్రమట్టి కలిస్తే పైకి మామూలు రోడ్డే, కాలు పెడితే సబ్బు. ఆ బురద మీద ఒక్కసారి పరీక్ష చేద్దాం సార్ అని ఎంత మొత్తుకున్నానో. “నీళ్ల ట్యాంకర్‌తోని టెస్ట్ ట్రాక్ తడిపినం గద మేడం, ఇంకేం గావాలె?” అన్నారు జగన్‌మోహన్ సార్. “ఆడోళ్లకు బాత్రూంల జారి పడ్తమని భయమెక్కువ” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

పోయిన వారం కోహీర్ దగ్గర ఆ బురద మీదే, చెరకు ట్రాక్టర్ అడ్డంగా ఆగి ఉంటే, బ్రేకు ఆలస్యంగా పడింది. రామ్‌కిషన్ నడుపుతున్న బస్సు జారి అల్లం చేలో బోల్తా పడింది. ఇవాళ్టి మీటింగులో తప్పు డ్రైవర్‌దని నేను చెప్పాలి. నేను చెబితే రామ్‌కిషన్ ఉద్యోగం పోతుంది, ఆ బస్సు అలాగే రోడ్డెక్కుతుంది.

ఫ్యాక్టరీకి వెళ్లే ఆటోలో చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నావల్ల కావడం లేదు. తెల్లారిందంటే భయం, వంటింట్లో లైటు వేయాలంటే భయం. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? నిండు నెలల్లో రొట్టెలు కొట్టాను. జ్వరంతో కొట్టాను. మా అమ్మ పోయి కర్మలు అయిన మర్నాడే వచ్చి కొట్టాను. “మా రేఖకేం, ఎట్లనన్న చేసుకుంటది” అని అత్తమ్మ చుట్టాలకు గొప్పగా చెబుతుంది. నేను ఒక్కసారీ జారలేదు. అందుకే నాలో ఇంకెంత మిగిలిందో ఎవరూ చూడలేదు.

మీటింగులో పూణే హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దలు కూర్చున్నారు. జగన్‌మోహన్ సార్ నా వైపు తిరిగి, “మన ప్రోగ్రాం కరెక్టే, డ్రైవరే చూస్కోలే. అంతే గద రేఖ గారూ?” అన్నారు.

‘అంతే సార్’ అన్న మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఈసారి దాన్ని మింగాను.

“కాదు సార్. రామ్‌కిషన్ నిమ్మళంగనే నడిపిండు. అందుకే రోడ్డు జారుతదని నా ప్రోగ్రాంకు తెల్వలే. చెరకు బురద మీద పరీక్ష చెయ్యకుండ ఈ బస్సును బయటికి పంపొద్దు.”

ఆ తరవాత ఎవరేమన్నారో సరిగా వినలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడేసరికే కబురు అదే ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే గిరీశ్‌కు చేరిపోయింది. ఫోన్ చేశాడు.

“పిచ్చి లేసిందా నీకు? ఇగ నన్ను గూడ ఉంచరు. ఇంటికి నడు, మాట్లాడుదం. వచ్చేటప్పుడు గిర్నీల పిండి తీస్కరా, అమ్మ చెప్పమన్నది.”

“తేను” అన్నాను. “రొట్టెలు గూడ చెయ్య. నాతోని అయితలేదు. నేను దవాఖానకు పోతున్న, రామ్‌కిషన్ దగ్గరికి.”



“ఏమైంది నీకు?” అన్నాడు గిరీశ్, నిజంగానే ఆశ్చర్యపోతూ. “పొద్దటి దాంక బాగనే ఉంటివి గద!”