చెక్క మీద సగం రేటు

నేను ఒక చెక్కనండీ. ఆయ్, ఉత్త చెక్కే. రెండున్నర అడుగుల పొడుగు, జానెడు వెడల్పు, పైన ఎర్ర రెక్సిను. తణుకులో రైలుగేటు దిగాక ముత్యాలరావు కటింగ్ షాపుంది చూశారూ, అందులో ఉన్నది ఒకటే కుర్చీ. ఆ కుర్చీ చేతుల మీద నన్ను అడ్డంగా వేసి, నా మీద పిల్లల్ని కూర్చోబెడతారు. అప్పుడు పిల్లోడి తల ముత్యాలరావు కత్తెరకి అందుతుంది. అదే నా ఉద్యోగం. మీరూ చిన్నప్పుడు నాలాంటిదాని మీద ఎక్కడో కూర్చునే ఉంటారు, ఏడ్చే ఉంటారు. సిగ్గుపడకండి, అందరూ ఏడ్చినవాళ్ళే.

పుట్టుక మాటకొస్తే నేను తక్కువదాన్నేం కాదండోయ్. గోదారి మీద తిరిగిన నాటుపడవలో కూర్చునే బల్లని. అరటిగెలలు, పాలక్యాన్లు, పెళ్ళివారు, గొడవపడి పుట్టింటికెళ్ళే కోడళ్ళు, అందరూ నా మీదే రేవు దాటేవారు. వంతెన కట్టాక పడవ విప్పేశారు. నా తోటి ముక్కలన్నీ పొయ్యిలోకి పోతుంటే, అప్పుడే షాపు పెట్టుకున్న ముత్యాలరావు నన్ను చూసి, "ఇది గట్టిదండీ, నాకిచ్చెయ్యండి" అని అడిగి పట్టుకొచ్చాడు. గరుకు కాయితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. పిల్లలకి గుచ్చుకోకూడదని మూలలు గుండ్రంగా కోశాడు. మంచోడండీ ముత్యాలరావు. ఆ మంచితనమే అతని కొంప ముంచింది.

ఏం లేదండీ, షాపు తెరిచిన కొత్తలో ఎవరో రేటెంతని అడిగితే, "కుర్చీకింత, చెక్క మీదైతే సగం" అన్నాడు. వయసు ఫలానా అని చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. ఆ మాట ఊరంతా పట్టుకుంది. ఇప్పుడు కుర్చీకి వంద, నాకు యాభై. ఎవడెంత ఎత్తున్నా, మూతిమీద నూగు మీసమొచ్చినా, చెక్క మీద కూర్చుంటే యాభయ్యే. ముత్యాలరావుకి కాదనడం రాదు.

ఇంక చూడండి తండ్రుల తెలివితేటలు! బళ్ళో ఆరో తరగతి చదివే పిల్లోడు బస్సులో ఐదేళ్ళవాడైపోతాడు, నా దగ్గరికొచ్చేసరికి ఎవరూ అడక్కపోయినా నాలుగేళ్ళకి దిగిపోతాడు. ఒకాయన కవలలిద్దర్నీ నా మీద పక్కపక్కన కూర్చోబెట్టి, "చెక్క ఒకటేగా ముత్యాలరావూ, యాభై తీసుకో" అన్నాడు. ఇంకొకాయనకి ఎండలు ముదిరేసరికి దేవుడు గుర్తొస్తాడు. ముగ్గురు పిల్లలకీ కొండమీద గుండ్లు చేయించి, వానలు పడి చెరువులు నిండేదాకా ఇటు తొంగిచూడడు. భక్తా, పొదుపా అని మనం అడగకూడదనుకోండి.

నేను చెప్పొచ్చేది అబ్బులు సంగతి. అబ్బులు తండ్రి తాతారావు పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయిస్తాడు. అబ్బాయికి పదమూడేళ్ళు నిండినా ఇంకా నా మీదే కూర్చుంటున్నాడు. వాడు నా మీదకెక్కితే తల ఫ్యాను కిందికెళ్ళేది. ముత్యాలరావు పాపం రెండిటుకలు తెచ్చుకుని, వాటి మీద నిలబడి కత్తిరించేవాడు. భుజాలు నెప్పి పుట్టి ఇంటికెళ్ళి కాపడం పెట్టుకునేవాడు గానీ, ఒక్క మాట అనలేదు. బయట బల్ల మీద వంతుకోసం కూర్చున్న పిల్లలు మాత్రం ఊరుకుంటారా? "ఒరే, తాటిచెట్టుకి కటింగ్ చేస్తున్నార్రా!" అని పడీపడీ నవ్వేవాళ్ళు. అబ్బులు రెండు చేతుల్తో నన్ను గట్టిగా పట్టుకునేవాడు. ఆ చేతుల చెమట నాకు తెలుసండీ. వాడికి కావాల్సింది ఒకటే, ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోవాలి.

ఓసారి ధైర్యం చేసి తండ్రితో అన్నాడు కూడా. "నాన్నా, ఈసారి కుర్చీలో కూర్చుంటాను."

"ఈ సీజను కానీరా," అన్నాడు తాతారావు.

మీరు అతన్ని పిసినారి అనుకోకండి. అతని తంటా వేరు. నలభై ఎనిమిదేళ్ళకే తల ముగ్గుబుట్టైపోయింది. బ్యాండు యజమాని గన్నియ్యకి తెల్లతలలు గిట్టవు. వీడియోలు తీస్తున్నారు, ముందు వరసలో అందరూ కుర్రాళ్ళలా కనపడాలి అంటాడు. ముందు వరసవాళ్ళకి రోజుకి పన్నెండొందలు. వెనక జెండాలు మోసేవాళ్ళకి నాలుగొందలు. పాతికేళ్ళుగా ఆ క్లారినెట్టుతోనే ఇల్లు నడుస్తోంది తాతారావుకి. ముందు వరస పోతే ఇంటద్దె కూడా వెళ్ళదు.

అందుకని తలకి రంగు. షాపులో వేయించుకుంటే రెండొందలు. ఇంట్లో వేసుకుంటే ప్యాకెట్టు నలభై. తాతారావు దాన్ని కూడా సగం చేశాడండీ! ఎలాగంటారా? బ్యాండువాళ్ళకి టోపీ ఉంటుంది గదా, జరీ అంచుతో, పైన కుచ్చుతో. ఆ టోపీ పెట్టుకుని పెరట్లో పీటమీద కూర్చుంటాడు. టోపీ బయట కనపడే జుట్టుకి మాత్రమే అబ్బులు పాత బ్రష్షుతో రంగు పూస్తాడు. చెవుల దగ్గర, మెడ దగ్గర, అంతే. మిగతా సగం పొడి పొట్లం కట్టి పైసారికి దాస్తారు. టోపీ ఉన్నంతసేపూ తాతారావు పాతికేళ్ళ కుర్రాడే. తీస్తే మాత్రం నడినెత్తిన వెన్నముద్ద, చుట్టూ మాడిన అట్టు.

ఈ గుట్టు తెలిసింది ముగ్గురికే. కొడుక్కి, ముత్యాలరావుకి, నాకు. తాతారావు తల కత్తిరించినప్పుడల్లా ముత్యాలరావు షాపు తలుపు దగ్గరగా వేసేవాడు. పెళ్ళిళ్ళలో భోజనానికి కూర్చున్నా తాతారావు టోపీ తీసేవాడు కాదు. "ఏంటయ్యా, పులిహోర తినడానికి కూడా యూనిఫారమా?" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారట.

మాఘమాసం, ఆదివారం పొద్దున్న. అబ్బులు ఒక్కడే వచ్చాడు యాభై నోటు గుప్పిట్లో పెట్టుకుని. ఇటుకలెక్కాడు ముత్యాలరావు. కుడివైపు సగం తల అయిపోయింది. అప్పుడు వినపడింది మేళం, గేటు అవతలి నుంచి దగ్గరకొస్తోంది. పెళ్ళికొడుకుని విడిదికి తీసుకెళ్తున్నారు. ఆ గోలలో కూడా క్లారినెట్టు విడిగా తెలుస్తుందండీ. తాతారావు వాయిస్తుంటే ముత్యాలరావు కత్తెర కూడా ఆగిపోయింది. "మీ నాన్నేరా," అన్నాడు. అబ్బులు మెడ తిప్పకుండా, "తెలుసండీ," అన్నాడు. ఆ 'తెలుసండీ'లో ఎంత గర్వముందో మీకెలా చెప్పను!

ఊరేగింపు సరిగ్గా మా షాపు ముందు ఆగింది. పెళ్ళికూతురి మేనమామ సత్తిరాజుగారు, భారీమనిషి, పాట వింటే పరవశించిపోయే రకం, ఎదురొచ్చి నిలబడ్డారు. "ఆహా! ఏం ఊపిరయ్యా నీది! ఇలాంటోడికి సత్కారం చెయ్యకపోతే మనమెందుకు?" అంటూ భుజం మీది పట్టుకండువా తీశారు, తలపాగా చుడదామని. తాతారావు రెండడుగులు వెనక్కేశాడు. "వద్దండీ బాబూ, వద్దండీ, నాకెందుకండీ" అంటున్నాడు. ఆయన దాన్ని వినయమనుకున్నారు. తన చేత్తో తనే టోపీ ఎత్తేశారు.

నడినెత్తిన వెన్నముద్ద అందరికీ కనపడిపోయింది. మొదట నవ్వింది డప్పుకుర్రాడు. ఆ తర్వాత ఇంకేముంది, పెళ్ళివారు, బ్యాండువారు, రోడ్డున పోయేవారు, అందరూ! పిల్లలు చప్పట్లు కొట్టారు. వీడియో తీసేవాడు దగ్గరికొచ్చి మరీ తీశాడు. తాతారావు ఒక చేత్తో క్లారినెట్టు, రెండో చేత్తో నడినెత్తి పట్టుకుని నిలబడిపోయాడు. అరచెయ్యి ఎంత పెద్దదైనా తల మొత్తం కప్పదు గదండీ. గన్నియ్య పళ్ళు కొరుకుతూ వచ్చి, "నా బ్యాండు పరువు నడిరోడ్డున తీశావ్. రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

నా మీద కూర్చున్నవాడు ఒక్క దూకు దూకాడు. ఆ దూకుడుకి నేను కుర్చీమీంచి జారి గచ్చుమీద పడ్డాను, ఓ మూల చిట్లిపోయింది. అయినా నా మొహం గుమ్మం వైపే ఉంది కాబట్టి అంతా చూశాను. అబ్బులు మెడకి కట్టిన తెల్లగుడ్డతోనే రోడ్డుమీదకి పరిగెత్తాడు. కుడివైపు కత్తిరించిన తల, ఎడమవైపు చెవులు కప్పే జుట్టు. వాణ్ణి తాటిచెట్టని నవ్వే పిల్లలు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. వాళ్ళ ముందు నుంచే వెళ్ళి తండ్రి పక్కన నిలబడ్డాడు. తండ్రి చెయ్యి నెత్తిమీంచి దించి, తన చేత్తో పట్టుకున్నాడు. నన్ను తప్ప దేన్నీ అంత గట్టిగా పట్టుకోవడం నేను చూడలేదు.

జనం ఇంకా నవ్వారు. సత్తిరాజుగారు మాత్రం నవ్వాపుకుని అడిగారు. "ఎవడ్రా అబ్బాయ్ నువ్వు?"

"ఆయ్, ఆయన కొడుకునండి."

"ఇదేవిట్రా, నీదీ సగమే ఉంది?"

అబ్బులు తండ్రి చెయ్యి వదలకుండానే చెప్పాడు. "మా ఇంట్లో అన్నీ సగమేనండి. నాకు చెక్క మీద సగం రేటు, నాన్నకి సగం ప్యాకెట్టు రంగు. క్లారినెట్టొక్కటే పూర్తిగా వాయిస్తాడండి."

సత్తిరాజుగారు చేతిలోని టోపీ వంక చూసుకున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. తప్పు చేసిన పిల్లోడిలాగా ఆ టోపీ అబ్బులు చేతికిచ్చి, "తెలీక తీశాన్రా, ఏమనుకోకు," అన్నారు. తాతారావు తలకి తలపాగా చుట్టబోయి ఆగి, కండువా భుజం మీద కప్పారు. "అలాగే వాయించవయ్యా. నాకు నీ తలతో పనేంటి?" అన్నారు.

తాతారావు వాయించాడండీ. మొదట రెండు మూడు సార్లు ఊపిరి నిలవలేదు. తర్వాత అందుకుంది. నవ్వినవాళ్ళే తలలూపారు. ముత్యాలరావు ఇటుకల మీద నుంచి దిగడం మర్చిపోయి, కత్తెర పట్టుకుని అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

పాటయ్యాక సత్తిరాజుగారు గన్నియ్యని పిలిచి, వైశాఖంలో తన రెండో మేనకోడలి పెళ్ళుందని, ఈ మనిషి ముందుంటేనే బయానా ఇస్తానని చెప్పారు. గన్నియ్య మొహం చూడాలి! "అయ్యో, ఎంత మాట! తాతారావు మా బ్యాండుకి పెద్దదిక్కండీ," అన్నాడు. రావద్దని చెప్పి పావుగంట కూడా కాలేదు. ఇప్పుడైతే బేరానికొచ్చినవాళ్ళకి, "మా దగ్గర అనుభవం తలమీదే కనిపిస్తుందండీ," అని చెప్పుకుంటున్నాడట. మనుషులు మాట మార్చినంత సులువుగా నేను పక్క కూడా మార్చలేను.

అబ్బులు తిరిగొచ్చి మిగతా సగం కత్తిరించుకునే వెళ్ళాడు. చిట్లిన చోట నాకు రేకుముక్క పెట్టి మేకులు కొట్టారు. బాగానే ఉన్నాను.

ఆ తర్వాత నెలన్నరకి తండ్రీకొడుకులిద్దరూ కలిసొచ్చారు. తాతారావు నల్లటి అంచంతా తీయించేశాడు. పొట్టి పొట్టిగా, తల మొత్తం తెలుపే. ఈసారి తలుపు దగ్గరగా వెయ్యబోతే, "తీసే ఉంచండీ, గాలొస్తుంది," అన్నాడు. తరవాత అబ్బులు వంతు. ముత్యాలరావు అలవాటుగా నన్ను అందుకున్నాడు. తాతారావు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రంగు ఖర్చు పోయింది గదా ముత్యాలరావూ. ఆ డబ్బులున్నాయి. వాణ్ణి కుర్చీలోనే కూర్చోనీ."

నన్ను తీసి గోడకి చేరేశారు. ఇన్నేళ్ళలో పిల్లలు నా మీంచి దిగి వెళ్ళిపోతుంటే ఎప్పుడూ ఏమీ అనిపించలేదు గానీ, ఆ రోజు గుండె బరువెక్కింది. సంతోషం కూడా వేసిందండీ, అబద్ధమెందుకు. అబ్బులు మెల్లగా కూర్చున్నాడు. కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలీక కింద పాదాలపీట వెతుక్కున్నాడు. ముత్యాలరావు ఇటుకలు కాలితో పక్కకి నెట్టి, తెల్లగుడ్డ కట్టి, "ఎలా కొట్టమంటావ్?" అని అడిగాడు.

అలవాటు చొప్పున తాతారావు, "దగ్గరగా..." అని ఏదో అనబోయాడు. అంతలోనే ఆపేసి, బయట బల్ల మీదకెళ్ళి కూర్చున్నాడు.

నా మీద వందలమంది కూర్చున్నారండీ. ఏ ఒక్కణ్ణీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. తండ్రులు చెప్పేవారు, తలలు తెగేవి. అందుకే కాబోలు, అబ్బులు అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ముత్యాలరావు కత్తెర దించి, తొందరేం లేదన్నట్టు నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతోంది.

"ముందు కొంచెం ఉంచండి," అన్నాడు అబ్బులు చివరికి. "పెంచి చూస్తాను."