ఎడమకి లాగే మద్దెల

డ్రైవరుగారు ఒక మాట చెప్పారంటే వినేవాళ్ళు దాన్ని సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ మడిచి, మిగిలిన ముక్కని దులిపి చూసి అప్పుడు నమ్ముతారు. ఆయన తప్పేం లేదు పాపం. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఎదురుగా రోడ్డు, వెనకాల జనం. చేతులకి పని ఉంది, కాళ్ళకి పని ఉంది, ఖాళీగా ఉన్నది నోరొక్కటే. ఒకసారి కొండ దారిలో పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే, బస్సు తలుపు మూసేసరికి ఓ ముక్క తెగి లోపల పడిందట. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడట. డిపోలో ఆయన్ని కోతల డ్రైవరు అనేవాళ్ళు. బస్సుకి బ్రేకు పడుతుంది గాని ఈయన నోటికి పడదని వాళ్ళ బాధ.

అలాంటి మనిషి ఓ రోజు నిజం చెప్పాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ నిజం చాలా చిన్నది. "ఈ గేమ్‌ప్యాడ్ ఎడమకి లాగుతోంది." అంతే.

అసలు ఆ వస్తువు ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. డ్రైవరుగారి భార్య బట్టలు కుడుతుంది. వీధిలో అందరికీ టైలరమ్మ. కుట్టుపూల డిజైన్లు చూసుకోవడానికి ముందుగదిలో మిషను పక్కనే ఓ కంప్యూటరు పెట్టుకుంది. ఆమె తమ్ముడికి కళ్ళద్దాల దుకాణం ఉంది. బావ ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంట్లో గోడలకి కథలు చెప్పుకుంటున్నాడని జాలిపడి, ఆ కంప్యూటరులో కార్ల పందెం ఆట ఒకటి పెట్టాడు. మొదట్లో డ్రైవరుగారు కీబోర్డు మీదే ఆడారు. ఆయన వేళ్ళు అరటిపళ్ళంత ఉంటాయేమో, ఒక మీట నొక్కితే మూడు పలికేవి. అందుకని బావమరిది తను వాడి పక్కన పడేసిన గేమ్‌ప్యాడ్ తెచ్చిచ్చాడు. రెండు చేతుల్లో ఇమిడే పీటలాంటి వస్తువు. పైన బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల, దాంతో కారు మలుపు తిరుగుతుంది. కింద చూపుడువేళ్ళ దగ్గర రెండు మీటలు, ఒకటి వేగానికి, ఒకటి బ్రేకుకి.

ప్రతి ఆదివారం బావమరిది తన కొత్త గేమ్‌ప్యాడ్ చంకలో పెట్టుకుని వస్తాడు. తెర రెండు భాగాలవుతుంది. పైన బావ కారు, కింద బావమరిది కారు. ప్రతి ఆదివారం బావ కారు ఎడమవైపు గోడకి గుద్దుకుంటుంది.

ఓడిపోవడం పెద్ద కష్టం కాదు. సైకిలు ఎక్కితే దిగడానికి గోడ వెతుక్కునే మనిషి చేతిలో ఓడిపోవడం కష్టం.

"బావా, నిన్ను నమ్ముకుని బస్సెక్కినవాళ్ళంతా ఇళ్ళకి చేరారా అసలు?" అన్నాడు బావమరిది ఆ ఆదివారం.

"ఇది ఎడమకి లాగుతోందిరా. నేను తిప్పకపోయినా పోతోంది."

"లాగుతోంది గేమ్‌ప్యాడ్ కాదు బావా, నీ కన్ను. రేపు దుకాణానికి రా, చూస్తాను. చుట్టం కాబట్టి ఫ్రేము నేనే ఇస్తా."

అక్కడితో ఊరుకుంటే ఆయన డ్రైవరుగారు ఎందుకవుతారు. "ఒరే, ఇలాంటి బండి నా చేతికి ఇంతకుముందూ వచ్చింది. అదీ ఎడమకే లాగేది. ఎంత లాగేదంటే, పొద్దున్నే డిపోలోంచి బయల్దేరి తిన్నగా పోనిస్తే, మధ్యాహ్నానికి పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ డిపోకే వచ్చేది. జనం దిగి, ఊరు మా ఊరిలాగే ఉందే అని ఆశ్చర్యపోయేవాళ్ళు."

బావమరిది కుర్చీలోంచి జారేదాకా నవ్వాడు. మిషను మీద వంగి జాకెట్టు చేతుల అంచు కుడుతున్న టైలరమ్మ తలెత్తకుండానే అంది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట."

డ్రైవరుగారి మొహం ముడుచుకుపోయింది. ఆట రానివాడు వాయిద్యం పగిలిందని వంక పెట్టాడన్న సామెత అది. ఎవరో అంటే దులిపేసుకునేవారు. కట్టుకున్నదే అనేసరికి ముల్లు కాస్త లోతుగానే దిగింది.

మర్నాడు కళ్ళద్దాలు కూడా మార్పించుకున్నారు. తరవాతి ఆదివారానికి తేడా ఒక్కటే వచ్చింది. గుద్దుకోబోయే గోడ మీద ఇటుకలు కూడా విడివిడిగా కనిపించాయి.

బావమరిది వెళ్ళిపోయాక ఆయన మిషను దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమోయ్, నేను చెప్పింది కోత కాదు. అది నిజంగానే లాగుతోంది."

"ఆ బస్సు కూడా నిజంగానే చుట్టు తిరిగొచ్చిందా?"

"అది వేరు."

"నిజం చెప్పాలనుకున్నప్పుడు పక్కన కథ పెట్టకండి. మేము దేన్ని నమ్మాలో తెలీక రెండూ వదిలేస్తాం."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు భోజనం దగ్గరా మాట్లాడలేదు. మర్నాడూ అంతే. పాలవాడు ఆలస్యంగా వస్తే మామూలుగా అయితే పాల డబ్బాకి రెక్కలు మొలిచిన వైనం చెప్పేవారు. ఈసారి డబ్బా అందుకుని లోపలికొచ్చేశారు. టైలరమ్మకి మొదట హాయిగానే ఉంది. మధ్యాహ్నానికి మిషను చప్పుడు మరీ పెద్దగా వినిపించడం మొదలుపెట్టింది. సాయంత్రానికి దారం రెండుసార్లు తెగింది. ఇల్లు ఇంత బోసిగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు.

"బాబిన్లు అయిపోయాయి, బజారుకెళ్తున్నా," అంది చెప్పులు వేసుకుంటూ. "పక్కనే కంప్యూటర్ల షాపుంది. ఆ మద్దెల కూడా పట్టుకురండి."

ఆ షాపు ఓ ఇరుకు గది. గోడ నిండా వేలాడే వైర్లు, అద్దాల బల్ల, దాని వెనక ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకుని ఏదో విప్పుతున్న నడివయసు ఆవిడ. షాపు ఆవిడదే. డ్రైవరుగారు గేమ్‌ప్యాడ్ బల్ల మీద పెట్టి నోరు తెరిచారు. నోటిదాకా బస్సు కథ వచ్చేసింది. పక్కన భార్య గొంతు సవరించుకుంది. బస్సుని గొంతులోనే రివర్సు చేశారు.

"ఎడమకి లాగుతోందమ్మా," అన్నారు.

"చేతులు తీసేసి చూశారా బాబాయ్?"

"అంటే?"

"ఆడేటప్పుడు ఒక్కసారి చేతులు వదిలేసి."

ఆయన బిత్తరపోయి చూశారు. కారు పరిగెడుతుంటే చేతులు వదిలేయడమా. అది ఆట కారే కావచ్చు. ఇన్నేళ్ళలో బండి కదులుతుండగా చక్రం వదిలిన పాపాన పోలేదు. తుమ్ము వస్తే కూడా బస్టాపు వచ్చేదాకా ఆపుకున్న మనిషి. ఆ ఆలోచన ఆయన బుర్ర గడప తొక్కనే లేదు.

ఆవిడ గేమ్‌ప్యాడ్‌ని కంప్యూటరుకి తగిలించింది. తెర మీద ఓ గుండ్రటి గీత, దాని నడుమ ఓ చుక్క. "పుల్ల తిప్పితే చుక్క కదలాలి. వదిలేస్తే నడిమికొచ్చి కూర్చోవాలి. ఇప్పుడు చేతులు తీసెయ్యండి."

డ్రైవరుగారు ఒక్కో వేలూ ఊడదీస్తున్నట్టు తీశారు. గేమ్‌ప్యాడ్ బల్ల మీద ఒంటరిగా ఉంది. చుక్క నడుమ ఓ క్షణం నిలబడి, ఆ తరవాత ఎవరో పిలిచినట్టు మెల్లగా ఎడమకి నడిచి వెళ్ళి గీతకి ఆనుకుంది.

టైలరమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. పుల్లని తనే ఓసారి తిప్పి వదిలింది. చుక్క మళ్ళీ ఎడమకే.

"నిజంగానే లాగుతోందండీ," అంది.

డ్రైవరుగారికి ఆ రెండు ముక్కలూ వినడానికే పుట్టినట్టనిపించింది. ఛాతీ ఓ గుండీ తెగేంత పొంగింది. అయినా పైకి ఏమీ అనలేదు. నిజం నెగ్గినప్పుడు మనిషి గంభీరంగా ఉండాలని ఎక్కడో విన్నారు.

"లోపల రాసుకుని రాసుకుని అరిగిపోయింది," అంది షాపావిడ. "మంచి గేమ్‌ప్యాడ్‌కి మొదటి పరీక్ష ఆడటం కాదు బాబాయ్, వదిలేయడం. వదిలేసినప్పుడు బుద్ధిగా ఉన్నదే మంచిది."

"మనుషులకీ అదే పరీక్ష," అంది టైలరమ్మ. "కొత్తవి చూపించమ్మా."

మొదటిది తీయగానే రంగురంగుల దీపాలు వెలిగాయి. "ఇది ఆడటానికా, సర్కస్ డేరాకి కట్టడానికా?" అన్నారు డ్రైవరుగారు. రెండోది నున్నగా, ముద్దుగా ఉంది. ఆయన చేతుల్లో పెడితే మాయమైపోయింది. అప్పుడు టైలరమ్మ మెడలోంచి టేపు తీసింది. బజారుకొచ్చినా అది ఆమె మెడలోనే ఉంటుంది. మొగుడి అరచెయ్యి చాపించి బొటనవేలి కొస నుంచి మణికట్టుదాకా కొలిచింది. తరవాత బల్ల మీదున్న గేమ్‌ప్యాడ్‌లన్నింటికీ వరసగా టేపు పెట్టుకుంటూ పోయింది.

"ఇలా కొలిచి కొన్నవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు పిన్నీ," అంది షాపావిడ నవ్వాపుకుంటూ.

"కొలత లేకుండా చొక్కా కుడితే ఎవడికి తొడుగుతామమ్మా? ఇదిగో, ఇది సరిపోతుంది."

అది నల్లగా, ఏ సోకూ లేకుండా ఉంది. వెనకవైపు గరుకు, చెమట పట్టినా జారదు. "దీని పుల్ల కింద అయస్కాంతం ఉంటుంది. లోపలి ముక్కలు ఒకదానికొకటి రాసుకోవు కాబట్టి త్వరగా అరగదు," అంది షాపావిడ. "వైరు లేనిది కూడా ఉంది, కావాలా?"

"వైరుంటేనే మేలమ్మా. ఎక్కడ పెట్టి మర్చిపోయినా పట్టుకు లాగితే వచ్చేస్తుంది," అన్నారాయన. కింద మీటని సగం నొక్కి చూశారు. తెర మీద ఇంకో గీత సగం నిండింది. ఇంకాస్త నొక్కితే ఇంకాస్త. పాతదానికి ఆ మెత్తదనం లేదు, నొక్కితే పూర్తి వేగం, లేకపోతే సున్నా. "ఇదీ బండి లక్షణం. సగం తొక్కితే సగమే వెళ్ళాలి."

"మా ఇంట్లో సగం అనే మాట వినడం ఇదే మొదలు," అంది టైలరమ్మ షాపావిడతో. "ఈయన దగ్గర ఏదైనా కొండంతే ఉంటుంది."

ఆఖర్న దాన్ని బల్ల మీద పెట్టి ముగ్గురూ చేతులు కట్టుకు నిలబడ్డారు. చుక్క నడిమిలో కూర్చుంది. కదల్లేదు. అదే కట్టించుకున్నారు. బాబిన్లు కొనడం మాత్రం మర్చిపోయారు. అసలు ఇంట్లో సొరుగు నిండా ఉన్నాయి లెండి.

ఆదివారం బావమరిది వచ్చాడు. కొత్తది చూసి కళ్ళెగరేశాడు. "ఓహో, మద్దెల మార్చావా బావా? నేనిచ్చినదానికేమైంది, బంగారంలా ఉండేది."

డ్రైవరుగారు నోరు విప్పబోయారు. భార్య కళ్ళతోనే ఆపింది.

"బంగారమైతే నువ్వే దాంతో ఆడరా ఇవాళ," అంది తమ్ముడితో. "నీది పక్కన పెట్టు."

"దానికేముంది అక్కా, ఏదైనా ఒకటే. ఆడేవాడి చేతిలో ఉంటుంది."

పందెం మొదలైంది. బావమరిది కారు బాణంలా బయల్దేరి, మొదటి మలుపులో కాస్త ఎడమకి ఒరిగి, రెండో మలుపులో ఇంకాస్త ఒరిగి, వంతెన మీదికొచ్చేసరికి తిన్నగా వెళ్ళి చెరువులో దిగింది. బయటికి తీశాడు. మళ్ళీ అదే చెరువు.

"ఇదేంటి, ఎడమకి లాగుతోందే?" అన్నాడు.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏంట్రా అన్నావు?" అంది టైలరమ్మ.

బావమరిది అక్కవంక చూశాడు, బావవంక చూశాడు, చేతిలో వస్తువువంక చూశాడు.

"కన్నేమోరా," అన్నారు డ్రైవరుగారు మెత్తగా. "చుట్టరికం ఉంది కదా, నీ దుకాణంలో నువ్వే చూసుకో. ఫ్రేము నీకు నువ్వే ఇచ్చుకో."

టైలరమ్మ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. "సరే సరే, ఒప్పుకుంటున్నా. నీ మాట నిజమే. ఇప్పుడు నాది నేను తీసుకుంటా. సమానంగా ఆడదాం రా."

ఈసారి రెండూ మంచి గేమ్‌ప్యాడ్‌లే. డ్రైవరుగారి కారు గోడ జోలికి పోలేదు. మలుపు మలుపుకీ మీట సగం వదిలి, మళ్ళీ నొక్కి, పాత బస్సుని ఘాట్ రోడ్డు దింపినంత ఒద్దిగ్గా దింపారు. చివరి మలుపుదాకా ఆయనే ముందు. అక్కడ బావమరిది లోపలివైపు నుంచి దూరి, ముక్కంత తేడాతో గీత దాటేశాడు.

ఇప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆయనవంకే చూస్తున్నారు. వైరు కురచైందంటాడా, తెర వంకరుందంటాడా, కుర్చీ అటు ఒరిగిందంటాడా అని.

డ్రైవరుగారు గేమ్‌ప్యాడ్ బల్ల మీద పెట్టి చేతులు తీసేశారు.

"ఆ మలుపు బాగా కొట్టావురా. నేను అందుకోలేకపోయాను," అన్నారు.

బావమరిది మొహంలో నవ్వు పోయింది. "ఏంటి బావా, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"గేమ్‌ప్యాడ్?"

"చక్కగా ఉంది. నువ్వే గెలిచావు."

బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వైరు పట్టుకుని చివరిదాకా తడిమాడు. "అక్కా, ఈయన కావాలని ఓడిపోయాడే. ఇందులో ఏదో ఉంది," అన్నాడు. కాఫీ తాగుతున్నంతసేపూ బావ మొహం చదువుతూనే కూర్చున్నాడు. గెలిచినవాడు అంత దిగులుగా ఇంటికెళ్ళడం ఆ వీధిలో అదే మొదటిసారి.

తలుపు వేసొచ్చాక టైలరమ్మ అడిగింది. "నిజంగానే ఓడిపోయారా?"

"నిజంగానే ఓడిపోయానోయ్."

"నేను నమ్మాను లెండి," అని మిషను దగ్గర కూర్చుంది.

ఆయన కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నారు. పాత గేమ్‌ప్యాడ్ చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు. నోరు దురదపెడుతోంది. వారం రోజుల సరుకు లోపల పేరుకుపోయింది మరి.

"ఇదుందే," అన్నారు మెల్లగా, "దీన్ని నిన్న ఆ బల్ల మీద పెట్టి పడుకున్నానా. పొద్దున్న లేచి చూస్తే బల్ల ఎడమ గోడకి ఆనుకుని ఉంది."

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించి, కొస కొరికి, ముడి వేసింది.

"ఊఁ," అంది. "తరవాత?"