శవానికి మూఢం లేదు

ఏటి మీద పాత వంతెనని మంచి ముహూర్తం చూసి పడగొట్టారు. పడగొట్టడానికి ముహూర్తమేమిటని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పెద్దలు శాస్త్రం తెలిసే చేస్తారనుకుని ఊరుకున్నాను. మూఢం రాకముందే పని మొదలుపెట్టకపోతే కొత్త వంతెన వెనకబడిపోతుందన్నారు. అందుకని వంతెన ముందు పోయింది. జనం నడవడానికి దారి సంగతి తరవాత చూద్దామనుకున్నారు.

ఇది అరవై ఎనిమిదో సంవత్సరం మాట. శ్రీకాకుళంలో ఆస్పత్రి, కచేరీలు, బజారు, శ్మశానం, అన్నీ ఏటికి ఆ ఒడ్డున. ఇటు మా పేట. కూరగాయల మళ్ళు, పెంకుటిళ్ళు, నా పూజాసామాన్ల కొట్టు. ఆదివారం ఆదివారం అరసవల్లి వెళ్ళి స్వామిని చూసుకోవడం నాకు అలవాటు. ఇదివరకు ఎండాకాలంలో ఏరు మోకాలిలోతు ఉండేది. స్తంభాల కోసం కంట్రాక్టరు మనుషులు ఇసక తవ్వేసరికి ఎక్కడ మోకాలో ఎక్కడ పీకో తెలియకుండా పోయింది. నేను తడిపంచెతోనే దర్శనం చేసుకుంటూ వచ్చాను. స్వామి ఏమీ అనలేదు గాని పూజారి అన్నాడు.

జనానికి ఇబ్బంది కలగకుండా చూడడానికి ఒక సంఘం వేశారు. బియ్యం మిల్లు అనంతపద్మనాభంగారు అధ్యక్షులు. పంచాంగం చూడకుండా గడ్డం కూడా గీయించుకోరు. సభ్యులందరూ ఆ ఒడ్డువారే. ఇబ్బంది పడేవాళ్ళలో కూడా ఒకడుంటే చూడ్డానికి బాగుంటుందని ఎవరో అన్నారట, నన్ను వేశారు. కూర్మనాథం ఎదురు మాట్లాడడని నాకు పేరుంది.

మొదటి సమావేశానికి మా వీధి దాలమ్మ వచ్చింది. వంకాయలు పండించి ఆ ఒడ్డు బజారులో అమ్ముకునే మనిషి. ఓవర్సీరు గుంటూరు వైపు అబ్బాయి, కొత్తగా వచ్చాడు.

"ఏటి దారి కావాల బాబూ" అంది దాలమ్మ.

"ఏ దారో మీరే చెప్పాలమ్మా" అన్నాడు ఓవర్సీరు.

"సెప్తన్నాను కదా, ఏటి దారి!"

"అదేనమ్మా. ఏ దారి?"

దాలమ్మ నావైపు తిరిగి, "ఈ బాబుకి సెముడేటి?" అంది.

మా వైపు 'ఏటి' అంటే 'ఏమిటి' అనీ అర్థమే, 'ఏరు యొక్క' అనీ అర్థమే అని నేను విడమరిచి చెప్పేలోగా, ఏ దారి కావాలో జనానికే తెలియదని అధ్యక్షులవారు తేల్చేశారు. తెలియనివాళ్ళ తరఫున ఆలోచించడానికే కదా సంఘం! ఆ ఆలోచన ఇసకబస్తాలు, తాటిమొద్దులు, వెదురు తడికలు అయి ఏటికి అడ్డంగా పరుచుకునేసరికి శుక్ర మూఢం వచ్చేసింది. మూఢంలో పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు, ప్రారంభోత్సవం లేదు. ప్రారంభోత్సవానికి చలవరాతి పలక కూడా చెక్కించారు. అధ్యక్షులవారి పేరు అందులో మూరెడు. మూఢం వదిలేదాకా ఎవరూ అడుగుపెట్టకుండా దారికి రెండు కొసలా వెదురు తలుపులు పెట్టి తాళాలు వేయించారు. తాళంచెవులు కాపలావాడు అసిరయ్య మొలతాడుకి కట్టారు.

"ప్రారంభోత్సవం కూడదు, నిజమే" అన్నాను నేను. "నడవకూడదని ఎక్కడైనా ఉందాండీ?"

"నడిస్తే ప్రారంభమైపోయినట్టే కదటండీ!" అన్నారాయన. ఆ మాట అంత సూటిగా ఉంటుందని నేననుకోలేదు.

దాలమ్మ కొడుకు అప్పలసూరి ఒకరోజు తలుపు దాటి దూకాడు. పోలీసులు పట్టుకెళ్ళి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. మరెవరూ దూకలేదు.

తరవాత మా వీధిలో ముసలి గున్నమ్మ పోయింది. శవాన్ని ఈదించలేం కదా. ఆ ఒడ్డు నుంచి అనంతపద్మనాభంగారు కాసేపు ఆలోచించి, "శవానికి మూఢం లేదు, తియ్యండి తలుపులు" అన్నారు. శాస్త్రం కూడా అదే. గున్నమ్మ దర్జాగా వెళ్ళింది. దహనమయ్యాక మోసినవాళ్ళు తిరిగొస్తే అసిరయ్య తలుపు వేసేశాడు. "శవం ఏదిరా మీ దగ్గర?" అన్నాడు. వాళ్ళు ఏట్లో దిగి పీకలోతు నీళ్ళలో ఇళ్ళకొచ్చారు. చావుకెళ్ళి వచ్చాక ఎలాగూ స్నానం చెయ్యాలి కదా అన్నారు అధ్యక్షులవారు.

అసలు సంగతి ఆ వారంలోనే వచ్చింది. అప్పలసూరి పెళ్ళాం దేముడమ్మకి తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "బిడ్డ అడ్డం తిరిగింది. పెద్దాస్పత్రికి ఎత్తుకెల్లండి. ఆలస్యవైతే ఇద్దరూ దక్కరు."

మంచం మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. అసిరయ్య తలుపుకి అడ్డంగా నిలబడి ఆ ఒడ్డుకి కేకేశాడు. పలక నిలబెట్టడానికి దిమ్మ కట్టిస్తూ అనంతపద్మనాభంగారు అక్కడే ఉన్నారు.

"చూలాలు ఏరు దాటకూడదని తెలీదూ?" అని అక్కణ్ణుంచే కేకేశారు. "పైగా మూఢం!"

"బిడ్డకి తెలీదు బాబూ మూఢవని!" అని అరిచింది దాలమ్మ.

ఆయన మేస్త్రీ వైపు తిరిగారు. అప్పలసూరి తాళం విరగ్గొడతానని రాయి ఎత్తాడు. దాలమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మళ్ళీ టేసనుకెల్తే దీన్ని మొయ్యడానికి ఎవుడొస్తాడురా? ఒరే అసిరయ్యా, సవాన్నయితే ఒగ్గేస్తావు కదా?"

"సవానికైతే ఇప్పమన్నారే."

"పాడి కట్టండిరా" అంది దాలమ్మ.

నేను అడ్డం వెళ్ళాను. "దాలమ్మా, ముత్తయిదువని పాడె ఎక్కిస్తావా?"

"మంచం మీదెల్తే ఆపుతన్నారు, పాడి మీదెల్తే ఒగ్గుతన్నారు. నాను సేసిన సాత్రవా బాబూ ఇది?"

బతికున్నదాన్ని పాడె ఎక్కించడం అమంగళం. అది ఎవరు తెచ్చిపెట్టిన అమంగళమో మాత్రం నాకు తేలలేదు. కంచెలో వెదుళ్ళు పీకి కట్టారు. సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని ఒక కొమ్ము నేనూ భుజాన వేసుకున్నాను.

"అత్తా, నాను బతికే ఉన్నాను కదా?" అంది దేముడమ్మ.

"ఆస్పత్రి దాకా సచ్చినట్టుండవే. ఆనక నీ ఇష్టం."

అసిరయ్య పాడెని పైకీ కిందకీ చూశాడు. "పాడి మీదున్నాది కాబట్టి సవవే" అని తనలో తనే చెప్పుకుని తాళం తీశాడు. రెండో తలుపు తియ్యడానికి మాకంటే ముందు పరిగెత్తాడు. నడి ఏట్లోకి వచ్చేసరికి దేముడమ్మ కేక పెట్టింది. ఆ ఒడ్డున అనంతపద్మనాభంగారు అదిరిపడ్డారు.

"శవం అరుస్తున్నదేమిటయ్యా!"

"కొత్తగా సచ్చింది బాబూ" అంది దాలమ్మ నడక ఆపకుండా. "ఇంకా అలవాటు నేదు."

ఆయన పక్కకి తప్పుకున్నారు. పాడె ఎదురొస్తే తప్పుకోవాలి మరి.

డాక్టరమ్మ కడుపు కోసి బిడ్డని తీసింది. ఆడపిల్ల. తల్లీ దక్కింది. సంఘం ఆ సాయంత్రమే కూడింది. ముందు, సంఘం వేయించిన దారివల్ల రెండు ప్రాణాలు నిలిచాయని అధ్యక్షులవారిని అభినందించారు. తరవాత, పాడె పేరుతో మోసం జరిగి దారి మైలపడిందని, సంప్రోక్షణ అయ్యేదాకా శవాలకి కూడా తలుపు తియ్యకూడదని నిర్ణయించారు. రెండింటికీ చేతులెత్తారు. రెండోదానికి నేను ఎత్తలేదు. ఎవరూ చూసినట్టు లేదు.

మర్నాటి నుంచీ శవాలకీ దారి లేదు. దేముడమ్మని ఆస్పత్రి నుంచి పంపిన రోజున అధ్యక్షులవారు దారి శుద్ధి చేయించడానికి కొలతలు చూసుకుంటూ నడిమధ్య నిలబడి ఉన్నారు. శుద్ధి కోసం నడిస్తే అది నడక కిందకి రాదట. ఆయన వెళ్ళిన ఊరివైపు తలుపు తెరిచే ఉంది. మా వైపు తలుపు తాళం వేసి ఉంది. అసిరయ్య దాని పక్కనే ఉన్నాడు. వాళ్ళని తీసుకురావడానికి నేనూ వెళ్ళాను. దాలమ్మ పసిగుడ్డుని ఎత్తుకుని, కోడలి చెయ్యి పట్టుకుని నేరుగా తెరిచిన తలుపులో అడుగుపెట్టింది.

"ఆగు!" అని ఆయన రెండు చేతులూ చాపారు. "వెళ్ళడం శవమై వెళ్ళారు. రావడం ఎలా వస్తారు?"

"పురిటి మైలతో వస్తన్నాం బాబూ" అంది దాలమ్మ. "ఇంకా పురుడెల్లనేదు. తగిల్తే మీరు తలారా తానం సెయ్యాల. సూసుకోండి."

ఆయన చేతులు టక్కున వెనక్కి వెళ్ళిపోయాయి. దారి ఇద్దరు ఒరుసుకోకుండా నడవలేనంత ఇరుకు. పక్కన చూస్తే ఏరు. దాలమ్మ ఒక అడుగు వేసింది, ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"చెప్తూంటే వినవేం! దూరం, దూరం!"

"దూరంగానే ఉన్నాం కదా బాబూ. మీరే నడాల."

దేముడమ్మకి నవ్వొచ్చింది, కుట్లు లాగి పొట్ట పట్టుకుంది. పిల్ల ఏడుపు అందుకుంది. జరీపంచె ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, వెనక్కి ఒక కన్ను, మైల మీద ఒక కన్ను వేసి, అనంతపద్మనాభంగారు మిగతా ఏరంతా వెనకడుగులతో దాటారు. ఆయన మా పేట వైపు రావడం నేనెరిగి అదే మొదలు. చివరికి వీపు వెదురు తలుపుకి కొట్టుకుంది. దాలమ్మ ఆగలేదు. పసిదాని కాలు గుడ్డలోంచి బయటికొచ్చి ఆయన ఉత్తరీయం వైపు ఆడుతోంది.

"ఇప్పీనా బాబూ?" అన్నాడు అసిరయ్య అవతల నుంచి. "ఏ సవవూ నేదు మరి."

"తియ్యరా!" అన్నారాయన. "తియ్యి, తియ్యి, ముట్టుకునేట్టుంది!"

తలుపు తెరుచుకుంది. ఆయన మా ఒడ్డు మీద పడ్డారు. ఆయన వెనక దేముడమ్మ, దాలమ్మ, పిల్ల, నేను. ఇవతల ఎదురుచూస్తున్న పెరుగు కుండలవాళ్ళూ, కూర గంపలవాళ్ళూ, బడిపిల్లలూ ఒక్కసారిగా దారి ఎక్కేశారు.

"కూర్మనాథంగారూ" అన్నారాయన నా చెయ్యి పట్టుకుని, ఊపిరి అందక. "వెనక్కి నడిస్తే ప్రారంభమైనట్టు కాదు కదండీ?"

"పంచాంగంలో చూసి చెప్తానండి" అన్నాను.

ఆయన మరో మాట అడిగేలోపే ఎవరిదో పెరుగు కుండ ఆయన్ని రాసుకుంటూ ఆ ఒడ్డుకి వెళ్ళిపోయింది.