ఎనిమిది వందల నలభై కిలోమీటర్లు

విమానం బయలుదేరే ముందు దూరం, గాలివేగం చూసి ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో, ఎంత ఇంధనం కావాలో తేల్చడం ఆమె ఉద్యోగం. అవతలి విమానాశ్రయంలో అదే పని ఒకాయన చేసేవాడు. ఇద్దరూ విడివిడిగా లెక్కవేసి ఫోనులో సరిచూసుకోవాలన్నది ఆఫీసు నియమం. అలా తొమ్మిదేళ్ళు, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు, ఒకరి గొంతు ఒకరు విన్నారు. ముఖాలు చూసుకున్నది లేదు.

రెండు ఊళ్ళ మధ్య ఎనిమిది వందల నలభై కిలోమీటర్లు. ఎదురుగాలి ఉంటే గంటా పదహారు నిమిషాలు, వెనకగాలి ఉంటే గంటా అయిదు. అంకెలు కుదిరాక ఆయన ఒక్క ముక్క అదనంగా అనేవాడు.

"ఇవాళ గొంతు బొంగురుపోయిందేమండీ?"

లేకపోతే, "మా అమ్మ నిన్న నాలుగడుగులు వేసిందండీ."

ఆ ఒక్క ముక్క కోసం ఆమె పొద్దుటి నుంచీ గడియారం చూసేది.

ఒకరోజు ఆయన, "రేపట్నుంచి అన్నీ కంప్యూటరే చూసుకుంటుందటండీ" అన్నాడు.

"అవునట" అంది ఆమె. ఫోను ఎవరు ముందు పెట్టేశారో ఆమెకు గుర్తులేదు.

నెల గడిచినా రెండయ్యేసరికి ఆమె చెయ్యి కాగితం మీదికి పోయేది. ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే వదిన కనిపెట్టేసింది.

"ఒక ఫోను చెయ్యరాదూ?"

"ఏమని చెయ్యను వదినా?"

"గాలి ఎలా ఉందో అడుగు. ఇన్నాళ్ళూ అదేగా అడిగావు."

చేసింది. ఆయన్ను సరుకుల విభాగానికి మార్చారని చెప్పి ఎవరో అక్కడి నంబరు ఇచ్చారు. రాసుకుంది గానీ ఆ నంబరుకు చెయ్యలేదు. మర్నాడు సెలవు పెట్టి విమానం ఎక్కింది.

గుర్తింపు కార్డు చూపించి గోదాములోకి వెళ్ళింది. పెట్టెలకు చీటీలు అంటిస్తున్న ఒక బట్టతలాయన దగ్గర ఆగి, "ఏవండీ, ఇక్కడ..." అనబోయింది. తలెత్తకుండానే ఆయన చేతులు ఆగిపోయాయి.

"మీరా" అన్నాడు.

ఆమె ఊహించినదానికన్నా పొట్టిగా ఉన్నాడు. ఆయన ఊహలో ఆమె ఎలా ఉండేదో మరి. క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఫోనులో తేలిగ్గా వచ్చే మాటలు అక్కడ రాలేదు. టీ చల్లారిపోయింది. చివరికి ఆమె గోడవైపు తిరిగి, "అమ్మగారు ఎలా ఉన్నారండీ?" అని అడిగింది.

ఆమె మొహం కనిపించకపోయేసరికి ఆయనకు నోరు పెగిలింది. అమ్మ మంచం దిగడం లేదని, ఆవిణ్ణి వదిలి తను ఊరు కదలలేనని చెప్పాడు. ఫోను మోగినప్పుడల్లా ఇంకా ఉలిక్కిపడుతున్నానన్నాడు.

తిరుగు విమానానికి పిలిచారు. తనిఖీ వరస దాకా వెంట వచ్చాడు.

"నాకు ఆదివారం సెలవండీ."

"నాకు గురువారం."

వరస కదిలింది. వెనక నిలబడ్డవాళ్ళు ఆమెను దాటుకుని వెళ్ళిపోతున్నారు.

"మార్చమని అడుగుతాను" అంది ఆమె, ఈసారి ఆయన మొహంలోకి చూస్తూనే.