వీధరుగు మీది ఆదివారాలు

"కడిగిన గ్లాసుల్నే ఎన్నిసార్లు కడుగుతావే? స్టీలు అరిగిపోతుంది" అంది రమాదేవి మూడోసారి.

"అరగనివ్వండి అత్తయ్యా. మీ అబ్బాయి మళ్ళీ కొంటారు."

"సరేలే. నాలుగింటికి పక్కవీధి సూరమ్మ తన కూతుర్ని తీసుకొస్తుంది. నువ్వు మాట్లాడతావని చెప్పేశాను."

"చెప్పేముందు నన్నడగాలిగా."

"అడిగేదేంటి? నీ ఉద్యోగమే అది."

సూర్యకళ పాలకొల్లు ఆసుపత్రిలో కౌన్సెలర్. తాగుబోతుల భార్యలూ, పురుగుమందు తాగి బతికినవాళ్ళూ వారమంతా ఆమె ఎదుట కూర్చుంటారు. ఆదివారం ఊళ్ళోవాళ్ళు వీధరుగు మీద కూర్చుంటారు. ఏ పేరంటానికి వెళ్ళినా కొంగులో శనగలతోపాటు ఎవరిదో ఒకరి కష్టం కూడా మూటగట్టుకొచ్చి కోడలికి అప్పజెప్పడం రమాదేవికి గొప్ప.

'మనసు దాచినా ఒళ్ళు దాచదు. చేతులేం చేస్తున్నాయో చూసుకో' అని మొన్ననే ఒక పిల్లకు చెప్పింది సూర్యకళ. ఇప్పుడు కుళాయి కింద తన చేతులు చూసుకుంది. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. పోయిన నెల, తనతో పొద్దున మాట్లాడిన రైతు సాయంత్రానికి చనిపోయినరోజూ గిన్నెలు ఇలాగే తోమింది. ఇంట్లో అందరూ అది శుభ్రం అనుకున్నారు. తనూ అలాగే అనుకుంది.

కుళాయి కట్టేసింది.

"నాకు బాలేదు అత్తయ్యా."

"జ్వరమా?" భర్త సత్యప్రసాద్ హాల్లోంచి అడిగాడు.

"కాదండి. విన్నవన్నీ లోపల పేరుకుపోయాయి."

రమాదేవి నవ్వింది. "ఊరందరికీ ధైర్యం చెప్పేదానివి, నీకేంటమ్మా?"

"వండేవాళ్ళకి ఆకలెయ్యదా?"

"అమ్మ రెండు నెలల్నించీ సరిగ్గా నిద్రపోవట్లేదు నాన్నమ్మా" అంది కూతురు హరిచందన. "నన్ను తిట్టడానికి మాత్రం ఓపికుంటుంది."

"ఇప్పుడు సూరమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మీరు చెప్పక్కర్లేదు. నేనే చెప్తాను."

అక్కడే సూరమ్మకి ఫోన్ చేసింది. అమ్మాయి భోంచేసిందా, పక్కనెవరున్నారు అని అడిగింది. ప్రాణం మీదికొచ్చే సంగతి కాదని తేలాక, "రేపు పదింటికి ఆసుపత్రికి తీసుకురండి, నేనే చూస్తాను" అంది. రమాదేవి మూతి ముడుచుకుంది. సూర్యకళ పట్టించుకోలేదు.

చేతులు తుడుచుకుని హాల్లోకొచ్చి ముగ్గురి ఎదుటా కూర్చుంది.

"మంగళవారం నుంచి పదిరోజులు సెలవు పెడుతున్నాను" అంది, గొంతు పెంచకుండా. "రాజమండ్రిలో నా గోడు వినే డాక్టరుగారున్నారు, ఆవిడ దగ్గరికి వెళ్తాను. ఇంటికి చుట్టంగా ఎవరొచ్చినా సంతోషం. కష్టాలు మాత్రం ఇకమీదట ఆసుపత్రిలోనే వింటాను. ఆదివారాలు వినను."